పదిహేనో ఓటు

వెర్నా పద్నాలుగో కవరు చింపి, ఎల్డన్ ప్రూయెట్ పేరుకు ఎదురుగా ఉన్న ‘ఔను’ గడి చూసింది. టిక్కు ఉంది. తొమ్మిది. ఇంకొక్కటి పడితే చాలు.

అమెరికాలో డులూత్ ఊళ్ళోని ఆ ఫిగర్ స్కేటింగ్ కీర్తి మందిరంలో ఆమె ఇరవై ఏడేళ్ళుగా గుమాస్తా. వేళ్ళ మీద కాగితం కోసిన గీతలు, మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు. పదిహేనుమంది ఎంపికదారులకు ఓటు కాగితాలు పంపి, తిరిగొచ్చినవి లెక్కపెడుతుంది. పది ‘ఔను’లు వస్తేనే ఆ ఆటగాడి పేరు మందిరంలోకి ఎక్కుతుంది. వరసగా మూడేళ్ళు రాకపోతే ఆ పేరు జాబితాలోంచి శాశ్వతంగా పోతుంది. ఎల్డన్‌కి ఇది మూడో ఏడు.

ఆయన గాల్లోకి ఎగిరి జనం చేత చప్పట్లు కొట్టించుకున్నవాడు కాదు. మంచు మీద ఒంటికాలితో వృత్తాలు గీసినవాడు. ఒకే గీత మీద మూడుసార్లు వెళ్ళినా వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. ఆ పోటీలే రద్దయిపోయాయి. టీవీవాళ్ళు ఏనాడూ తీయలేదు గనుక చూపించడానికి వీడియో ముక్క కూడా లేదు. వెర్నా చిన్నప్పుడు ఆయన దగ్గర ఆ వృత్తాలే నేర్చుకుని, ఏ పోటీలోనూ గెలవక, చివరికి ఈ కుర్చీలోకి వచ్చింది.

పదిహేనో కవరు మిసెస్ హాల్వర్సన్‌ది. తొంభై ఒక్కేళ్ళ మాజీ న్యాయనిర్ణేత. ఒకప్పుడు మంచు మీద మోకాళ్ళూని ఎల్డన్ గీతలను పరీక్షించినావిడ. ‘ఔను’, ‘వద్దు’ గడులు రెండూ ఖాళీగా ఉన్నాయి. పేరు పక్కన వణికే చేతిరాతతో 5.9 అని ఉంది.

ఆరు మార్కులకి అయిదు పాయింట్ తొమ్మిది. ఆవిడ జీవితంలో ఎవరికీ అంతకు మించి వేయలేదు.

డైరెక్టర్ రాస్ పక్కగదిలో ఫోనులో ఉన్నాడు. వెర్నా చేతిలో పెన్నుంది. ఓటు కాగితం మీదున్న అదే నీలం సిరా. కాలు తడబడితే ఎవరూ చూడకపోయినా నువ్వే చెప్పెయ్యాలనేవాడు ఎల్డన్. ఆమె పెన్నుకు మూత పెట్టి, కాగితం రాస్ ముందుంచింది.

“ఆవిడకి అరవై ఏళ్ళ అలవాటండీ. మార్కు వేసేశారు. అంటే ఔననే కదా?”

“ఔనైతే టిక్కు పెట్టాలి. అయిదు పాయింట్ తొమ్మిదంటే ఏంటి వెర్నా, మిగతా పాయింట్ ఒకటికి వద్దనా?”

ఒక్క ఫోను చేసి అడుగుతానంది. కవర్లు తెరిచాక ఎంపికదారులతో మాట్లాడకూడదన్న నిబంధన చూపించాడు. దాన్ని టైపు చేసింది ఆమే. ‘చెల్లదు’ ముద్ర కూడా ఆమెతోనే వేయించాడు.

నాలుగింటికి బస్సెక్కి ఎల్డన్ ఉండే వృద్ధాశ్రమానికి వెళ్ళింది. దారంతా ఎలా చెప్పాలో మాటలు కూడబలుక్కుంది. అవి అవసరం పడలేదు. మధ్యాహ్నం సూప్ తాగి, మంచి బట్టలు వేయించుకుని, కుర్చీలో కూర్చునే కన్నుమూశాడట. ఆమె పదిహేనో కవరు తెరిచేసరికే ఆయన లేడు.

“ఫోనొచ్చిందా అని రెండుసార్లు అడిగారమ్మా. వచ్చేస్తుందిలే అన్నాను” అంది నర్సు. “ఇంతకీ మందిరంలోకి తీసుకున్నారా ఆయన్ని?” అని అడిగింది.

“లేదు” అంది వెర్నా.

మంచం మీద దుప్పటి అప్పుడే మార్చేశారు. కుర్చీ వెనక ఆయన ఎర్ర టై వేలాడుతోంది. ముడి విప్పకుండా తలమీదుగా తీసినట్టున్నారు, మెడ పట్టేంత మేర గుండ్రంగా అలాగే ఉండిపోయింది.