రంగూను క్లారినెట్టు

ధనుంజయరావు మేష్టరు తనకు చేసిన అన్యాయాన్ని పిచ్చయ్య రోజూ పొద్దున్నే, హైస్కూలు తాగునీళ్ల కుండలు నింపేటప్పుడు తలుచుకుంటాడు. మొదటి కుండ దగ్గర మొదలైతే నాలుగో కుండకు పూర్తవుతుంది. డ్రాయింగు మేష్టరైన ఆయన నవ్వుతూ స్టాకు రిజిస్టరు తెరవడం, "ఇక్కడొక సంతకం పడెయ్యి పిచ్చయ్యా, నీ క్లారినెట్టు బ్యాండు పిల్లలకు వాడుకుందాం" అనడం, చెయ్యి వణక్కుండా పేరు రాయగలిగినందుకు తను మురిసిపోవడం. ఆ రిజిస్టర్లో వచ్చిన వస్తువుకు గడి ఉంది. ఇచ్చిన మనిషికి గడి ఉంది. అరువుకు గడి లేదు. మూడో తరగతితో బడి మానేసిన పిచ్చయ్యకు ఆ సంగతి ఆర్నెల్లు పోయాక గానీ తెలిసిరాలేదు.

ఆవేళ రెండో కుండ దగ్గరే చెయ్యి ఆగింది. సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టరు దొర వస్తున్నాడు. బ్యాండు బాగా వాయిస్తే గ్రాంటు మంజూరవుతుంది. గ్రాంటొస్తే కొత్త వాయిద్యాలు కొంటారు. కొత్త క్లారినెట్టు వచ్చిన రోజున పాతదాన్ని పిచ్చయ్య చేతిలో పెడతానని ధనుంజయరావు నలుగురు మేష్టర్ల ముందు మాటిచ్చాడు. మూడేళ్లుగా తన వస్తువు మీద తన నోరు పెట్టకుండా పిచ్చయ్య కాచుకున్నది ఈ సాయంత్రం నాలుగింటి కోసమే.

"నీళ్లు పొర్లిపోతున్నయ్యయ్యో!" వరండా చిమ్ముతున్న అతని పెళ్లాం కోటమ్మ కేకేసింది. "మళ్లీ ఆ చిన్నపెళ్లాన్ని తలుచుకుంటున్నావా ఏంది?"

"నోర్ముయ్యవే."

"ముయ్యక ఏం చేస్తా. రంగూను నించి నడిచొచ్చేప్పుడు నా కాళ్లు బొబ్బలెక్కి ఎత్తుకోమంటే నన్నెత్తుకున్నావా? దాన్నెత్తుకున్నావు."

"నీకు కాళ్లున్నయ్యి. దానికి లేవుగా," అన్నాడు పిచ్చయ్య. నవ్వలేదు. కోటమ్మే నవ్వింది.

పిచ్చయ్యకు నలభై ఆరేళ్లు. కుండలు మోసి మోసి ఎడమ భుజం కిందికి వాలింది. ఎవరో పోయిన బంట్రోతు తాలూకు ఖాకీ కోటు అతని ఒంటిమీద కొయ్యకు తగిలించినట్టు వేలాడుతుంది. కింది పెదవి లోపల చిన్న కాయ ఉంది. క్లారినెట్టు నోటి దగ్గర బిగించే పలచని రీడుబద్ద పదేళ్లు ఒరుసుకున్న గుర్తు అది. ఈ మూడేళ్లలో మెత్తబడింది గానీ పోలేదు. నాలుకతో దాన్ని తడుముకోవడం అతని అలవాటు.

వాళ్లది దుర్గి దగ్గర ఒక పల్లెలో గుడి మేళం వాయించే మంగలి కుటుంబం. ఇరవై రెండో ఏట క్షవరప్పొది చంకన పెట్టుకుని రంగూను పడవెక్కాడు. అక్కడ తెల్లవాళ్ల క్లబ్బులో జాజ్ వాయించే గోవా మేస్త్రీ ఒకడు గడ్డం గీయించుకునేవాడు. అణాలకు బదులు పాఠం చెప్పమన్నాడు పిచ్చయ్య. నాలుగేళ్లకు క్లబ్బులో వెనక వరసలో కుర్చీ దొరికింది. గోవా మేస్త్రీ దేశం పోతూ తన క్లారినెట్టును అతనికే అమ్మాడు. తర్వాత జపానువాడి బాంబులు పడ్డాయి. అడవుల్లో నడిచే దారిలో పిచ్చయ్య ట్రంకుపెట్టె పారేశాడు, బొంతలు పారేశాడు, బియ్యం మూటలో సగం ఒక ముసలమ్మకిచ్చేశాడు. నడుముకు కట్టుకున్నదాన్ని మాత్రం విప్పలేదు.

మాచర్ల చేరాక హైస్కూల్లో బంట్రోతు పని దొరికింది. మద్రాసు హోటల్లో ఎక్కడో జాజ్ విని వచ్చిన హెడ్మాస్టరుకు మన బడికీ అలాంటిది ఉండాలని పుట్టింది. ఒక హార్మోనియం, ఒక బుల్‌బుల్ తార, స్కౌట్ల డ్రమ్ములు రెండు, పిచ్చయ్య క్లారినెట్టు. ధనుంజయరావు బ్యాండు మాస్టరు. పాఠం చెప్పేది పిచ్చయ్య.

క్లారినెట్టుకు కమిటీ ప్రెసిడెంటు గారి మనవడు నాగేశ్వరరావును ఎంచారు. వాళ్ల నాయనమ్మ సరస్వతమ్మ ఒకటే షరతు పెట్టింది: "మా పిల్లోడు నోట పెట్టేదానికి మంగలి ఎంగిలి తగలగూడదు. తగిలిందో, బ్యాండూ వద్దు, బడీ వద్దు." ఊదే విద్యను ఊదకుండా నేర్పాలి. పిచ్చయ్య బొప్పాయి కాడలు కోసుకొచ్చి, తనొకటి, పిల్లాడొకటి పట్టుకుని, పెదవి ఎలా బిగించాలో వాటిమీద చూపించాడు. క్లారినెట్టును వేళ్లతో మాత్రమే ముట్టేవాడు. అపస్వరం వస్తే తప్పు పిల్లాడి పెదవిదో, రీడుదో, కర్రదో చెవితోనే పట్టాలి. వంటవాడు ఉప్పు చూడకుండా పెళ్లివంట వండినట్టు.

పాఠంలో పడితే మాత్రం 'బాబూ, మీరూ' మర్చిపోయేవాడు. "తాళం ముందు నడిచే ఎద్దురా. నువ్వు వెనక బండివి. ఎద్దు అడుగేశాకే గదా చక్రం కదిలేది? ముందే ఉరికితే ఎద్దు మడమలిరగ్గొడతావు. ఆగు. లాగనియ్యి. ఆఁ, ఇప్పుడు రా!" అలా రెండేళ్లు చెబితే, డ్రమ్ము దెబ్బకు వెంట్రుకవాసి వెనక పడటం ఆ పిల్లాడికి వంటబట్టింది. అదే జాజ్ అని గోవా మేస్త్రీ చెప్పాడు. తక్కినదంతా ఊపిరే.

పన్నెండింటికి పిచ్చయ్య రైలుపట్టా ముక్క మీద అన్నం గంట కొట్టి తిరిగేసరికి, నాగేశ్వరరావు తువ్వాలు మూట పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్కరోజు సాధన కోసమని నిన్న మేష్టరే ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. పిల్లాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పిచ్చయ్యా, పలకట్లేదు."

"ఏం చేశారు బాబూ?"

"నేను కాదు. నాయనమ్మ... పదిమందిలో ఊదబోతున్నావు, ఇప్పటిదాకా ఎవురెవురు ముట్టారో అని, పసుపునీళ్లలో కడిగి డాబామీద ఎండబెట్టింది."

పిచ్చయ్య మూట విప్పాడు. నల్లకర్ర సందుల్లో పసుపు పేరుకుని ఉంది. చిల్లుల్ని మూసే తోలు మెత్తలు నీళ్లకు ఉబ్బి, ఎండకు పగిలి, అప్పడాల్లా లేచాయి. పదకొండు మెత్తలు. కర్ర పగిలిందేమోనని వేలితో నిలువునా తడిమాడు. పగల్లేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు పిల్లాడు.

"కోటమ్మనడిగి నా పొది తెండి బాబూ. కొవ్వొత్తి, లక్క కూడా. ఎవురన్నా అడిగితే మేష్టరు గడ్డం గీయించుకుంటున్నాడని చెప్పండి."

మ్యాపులు దాచే గదిలో తలుపు దగ్గరికేసి కూర్చున్నారు. పొదిలో కత్తి, మంగలిరాయి పక్కన మెత్తటి మేకతోలు చుట్ట ఉంది, కత్తి సానపట్టేది, నాన్న చేతిది. పిచ్చయ్య దాన్ని గీసి, పావలాకన్న చిన్న బిళ్లలుగా కోశాడు. లక్క కరిగించి ఒక్కొక్క మూతకింద అంటించాడు. మూడోది అంటుకునే లోపల గంట కొట్టాల్సిన టైమైంది. పరుగెత్తి కొట్టి వచ్చాడు. ఆరోదానికి మళ్లీ గంట. లక్క గడ్డకట్టింది. మళ్లీ కరిగించాడు. వేళ్ల చివర్లు కాలి బొబ్బలొస్తున్నా చూసుకోలేదు.

తలుపు సందులోంచి ధనుంజయరావు తల పెట్టాడు. "ఏందిరా ఇది? పీకి పందిరేశావు! దొర స్టేషన్లో దిగాడంట!"

"అయిపోయిందయ్యా."

"దొర ముందు నా పరువు తీశావో..." అంటూనే ఆయన పూలదండ కోసం పరుగెత్తాడు.

పదకొండోది అయ్యేసరికి మూడూ ముప్పావు. నాగేశ్వరరావు ఊదాడు. కోడిపెట్ట గొంతు నులిమినట్టు కీచుమంది. మళ్లీ ఊదాడు. అదే కీచు.

తప్పు ఎక్కడుంది? భయంతో బిగుసుకున్న పెదవిదా, తను అంటించిన మెత్తదా? చెవితో పట్టేందుకు టైము లేదు. పిచ్చయ్య క్లారినెట్టు అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. నాలుక పెదవి లోపలి కాయమీదికి పోయింది.

"బాబూ, గోడవైపు తిరగండి."

పిల్లాడు తిరగలేదు. "ఊదు పిచ్చయ్యా. నేనేం చూళ్లేదు," అన్నాడు, సూటిగా చూస్తూనే.

పిచ్చయ్య నోట పెట్టుకున్నాడు. పసుపు వాసన. కింది స్వరం నుంచి ఒక్కొక్క మెట్టే, పసిపిల్ల నిద్ర చెడగొట్టనంత మెల్లగా ఎక్కాడు. ఏడో మెట్టు మీద గాలి జారింది. అక్కడ! మూత తిప్పి, లక్క వెచ్చబెట్టి, బొటనవేలితో ఒత్తాడు. మళ్లీ ఎక్కాడు. నిలిచింది. అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. క్లబ్బులో చివరి పాటకు ముందు వాయించే నాలుగు వరసలు వాటంతటవే వచ్చేశాయి, తాళానికి వెంట్రుకవాసి వెనక, తొందరలేని మనిషి నడకలా. నాలుగో వరస అయ్యాక గానీ నోట్లోంచి తియ్యలేదు.

తుడిచిద్దామని భుజం మీది తువ్వాలు తీశాడు. నాగేశ్వరరావు ఆ లోపలే క్లారినెట్టు లాక్కుని, తుడవకుండానే నోట పెట్టుకుని ఊదాడు. స్వరం నూనె పోసినట్టు జారింది.

"మీ నాయనమ్మ చంపుద్ది," అన్నాడు పిచ్చయ్య.

"ఇన్నేళ్లూ దానిమీద ఉన్నది నీ నోరే గదా, రంగూన్లో?" అన్నాడు పిల్లాడు, బయటికి పరుగెత్తుతూ.

హాల్లో బెంచీలన్నీ నిండాయి. పిచ్చయ్య వెనక తలుపు దగ్గర సోడా పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. డ్రమ్ము మొదలైంది. హార్మోనియం కలిసింది. నాగేశ్వరరావు ఊపిరి బిగబట్టి ఆగాడు. ఎద్దు అడుగేసింది. పళ్లెంలో గోళీసోడాలు టకటక కొట్టుకున్నాయి. ఆగు. లాగనియ్యి. చక్రం కదిలింది. ఒక్క కీచు లేదు. పదకొండు మేకతోలు బిళ్లలు పదకొండు చిల్లుల్ని ఊపిరాడకుండా మూశాయి. ఇన్‌స్పెక్టరు దొర బూటు నేల నాపరాయి మీద తాళం వేయడం పిచ్చయ్య చూశాడు. కళ్లలో నీళ్లొచ్చాయి గానీ పళ్లెం వదిలి తుడుచుకునే వీల్లేదు.

పిచ్చయ్య సోడా అందించేటప్పటికి దొర కొనాల్సిన వాయిద్యాల జాబితా ముందేసుకుని ఉన్నాడు. డ్రమ్ములు నాలుగు, బాగు. బ్యూగిల్లు రెండు, బాగు. ఫౌంటెన్‌పెన్ను క్లారినెట్టు దగ్గర ఆగింది.

"ఇది దేనికి? ఇప్పుడు విన్నది మీ స్టాకులోదేగా? ఫస్టుక్లాసుగా ఉందే. ఇంకా పాతికేళ్లు పనికొస్తుంది." అంటూ ఆ పేరు మీద అడ్డంగా గీత గీశాడు.

"అయ్యా, అది నా..." అన్నాడు పిచ్చయ్య.

"సోడా అక్కడ పెట్టు పిచ్చయ్యా," అన్నాడు ధనుంజయరావు, నవ్వు చెదరకుండా.

దొర వెళ్లిపోయాక, పిల్లలు కేకలేస్తూ ఇళ్లకు పోయాక, ధనుంజయరావు చిన్న కుంచె, తెల్లరంగు సీసా తెచ్చుకుని కూర్చున్నాడు. స్టాకు వస్తువుల మీద నంబర్లు లేవని దొర రిమార్కు రాశాడు.

"నేనేం చేసేదిరా? దొర గీసిన గీత నేను చెరపనా?" అన్నాడు తలెత్తకుండా. గొంతులో కొంచెం సిగ్గుంది. "నువ్వే కదా అంత బాగా చేసి చచ్చావు. కాస్త కీచుమన్నా పోయేది. ఇదిగో, కదలకుండా పట్టుకో."

పిచ్చయ్య రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు. మేష్టరు చెయ్యి తిరిగిన మనిషి. అంకెలు అచ్చుగుద్దినట్టు పడ్డాయి. ముప్పై ఎనిమిది. రిజిస్టర్లో కుర్చీలది ముప్పై ఆరో నంబరు, గోడగడియారానిది ముప్పై ఏడు.

గాజుతలుపుల బీరువాలో నిలబెట్టి, తాళం వేయమని చెప్పి ఆయన ఇంటికిపోయాడు. పిచ్చయ్య తాళం వేశాడు. చివరి గంట కొట్టాడు, ఎవరూ లేకపోయినా. కుండలు బోర్లించాడు. కోటు విప్పి మడతపెట్టి బల్లమీద పెట్టాడు.

చీపురు పట్టుకుని కోటమ్మ వచ్చి అతని ఖాళీ చేతులు చూసింది. చీపురు గోడకు ఆనించింది.

"ఆరింటికి బండుంది," అన్నాడు పిచ్చయ్య. "నరసరావుపేటలో అబ్దుల్ రహీమ్ పెళ్లి బ్యాండుకు మనుషులు కావాలన్నాడు. డోలు మోస్తా."

"తాళంచెవి నీ చేతిలోనే ఉంది గదయ్యా," అంది కోటమ్మ మెల్లగా.

"దొంగతనంగా తెచ్చుకుంటే నాదెట్లా అవుద్దే?"

తాళంచెవి మేకుకు తగిలించాడు. ఇద్దరూ గేటు దాటారు. స్టేషను దారి మళ్లాక కోటమ్మ అంది: "గుడి మేళం మాన్యం పొలంలో నీ వాటా మీ అన్నకు రాసిచ్చి దాన్ని కొంటివి. ఎంతయ్యా అది?"

పిచ్చయ్య నడక ఆపకుండానే చెప్పాడు.

"ఎకరా ముప్పైనాలుగు సెంట్లు."

హైస్కూల్లో, పొద్దు వాలి ఎర్రబడిన గాజు వెనక నల్లకర్ర నిటారుగా నిలబడి ఉంది. ఎనిమిది అంకెలో కింది సున్నా అంచు నుంచి ఒక తెల్లచుక్క, ఇంకా ఆరక, మెల్లగా కిందికి జారుతోంది.