నాలుగు చప్పుళ్ళు

పన్నెండు పాయింటు ఆరు. టక్, టక్, టక్, టక్. నాలుగు చప్పుళ్ళు వినబడ్డాయంటే నాలుగూ పడ్డట్టే. ఆయన తెర వైపు చూడకుండానే తర్వాతి చీటీ తీశాడు. లేబు నుంచి వచ్చిన రక్తపరీక్షల చీటీలు ఎడమ పక్క, టైపు చేసేసినవి కుడి పక్క. ఉదయం పది కాకముందే ఎడమ పక్క దొంతర జానెడు ఎత్తు లేచింది.

ఆసుపత్రి వెనకవైపు ఉన్న ఈ రిపోర్టుల గదిలో ఇద్దరే కూర్చుంటారు. పక్క సీటావిడకు ఆసుపత్రివాళ్ళిచ్చిన మెత్తటి కీబోర్డు ఉంది. లోపలంతా రబ్బరు బుడిపెలు, నొక్కినా నొక్కకపోయినా దానిది ఒకటే మౌనం. ఈయనది సొంతానికి కొనుక్కున్నది. ఇటుకంత బరువు, ప్రతి మీట కిందా స్ప్రింగు, నొక్కితే గోడవతలికి వినబడుతుంది. అందుకే ఆసుపత్రి మొత్తానికి ఆయన టకటక బాబాయి. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో.

పక్క సీటావిడకు పార్శ్వపు తలనొప్పి. మూడేళ్ళుగా చెవుల్లో దూది పెట్టుకుని పనిచేస్తోంది.

“కీబోర్డంటే వేలు పెట్టగానే దిండు మీద తల పెట్టినట్టుండాలి బాబాయ్ గారూ. మీది రోట్లో రాళ్ళు దంచినట్టుంటుంది.”

“దిండు మీద తల పెడితే నిద్రొస్తుంది తల్లీ. పనెప్పుడు చేస్తావు?”

రోజూ ఇదే తగువు. పదింటికి టీ వచ్చేలోపు ఒకసారైనా తగువాడుకోకపోతే ఇద్దరికీ ఏదో మరిచిపోయినట్టుండేది. టీ వచ్చాక ఆమె గ్లాసును రుమాలుతో పట్టుకునేది, ఆయన పొగలు కక్కుతున్న గ్లాసును గుప్పిట నిండా పట్టుకునేవాడు. చెయ్యి కాలదా అంటే అలవాటనేవాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన చెప్పేవన్నీ అబద్ధాలే. పాత టైపు మిషను మీద నేర్చుకున్న చెయ్యి, చప్పుడు లేకపోతే ఆడదు అని అందరితో అన్నాడు. అసలు సంగతి వేళ్ళది. మూడేళ్ళ కిందట షుగరు జబ్బు ఆయన వేలికొసల్ని పట్టుకుంది. మొదట చీమలు పాకినట్టుండేది, తర్వాత అదీ పోయింది. చొక్కా గుండీలు అద్దంలో చూసుకుంటూ పెట్టుకోవాలి. రబ్బరు మీట దిగిందో లేదో ఆ వేళ్ళకు తెలియదు. టక్కుమంటే చెవికి తెలుస్తుంది. వేళ్ళ పనిని చెవికి అప్పగించి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. ఇంకో రెండేళ్ళు నెడితే పదవీ విరమణ. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. ఇరవయ్యేళ్ళ వయసులో టైపు పరీక్షలో మొదటివాడిగా వచ్చిన మనిషి. ఆ వేళ్ళు తప్ప గొప్పగా చెప్పుకోవడానికి ఆయన దగ్గర మరొకటి లేదు. అవి పోయాయని నలుగురికీ తెలియడం కంటే చావు నయమనిపించేది.

పదిన్నరకు మెషీన్లు బాగుచేసే ఆయన ఒక అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు. లోపల నీలం రంగు రబ్బరు కీబోర్డులున్నాయి, సందు లేకుండా ఒకటే పలకలాగా.

“వార్డుల్లో ఇన్ఫెక్షన్లు ఎక్కువయ్యాయట. ఇవాళ్టినుంచి ఆసుపత్రంతా ఇవే. సబ్బు పెట్టి కడుక్కోవచ్చు. మీ దాని సందుల్లో మూడేళ్ళ బిస్కెట్ల పొడి ఉంటుంది బాబాయ్.”

“నేను వార్డుకు పోను కదయ్యా.”

“చీటీలు అక్కణ్ణుంచేగా వచ్చేది.”

అతను చెప్పింది న్యాయమే. న్యాయం కాబట్టే ఆయన పాత కీబోర్డుకు వైరు చుట్టి బల్ల కింద పెట్టాడు.

తర్వాతి రెండు గంటలూ నరకం చూశాడు. ఒక అంకె కొట్టడం, తెర చూడడం, మళ్ళీ చీటీ చూడడం. మెడ పట్టేసింది. గదిలో గడియారం ముల్లు నడిచే చప్పుడు కూడా వినబడుతోంది. పక్క సీటావిడ చెవుల్లో దూది తీసేసింది గానీ, పని చేసుకోకుండా ఊరికే ఊరికే ఆయన చేతుల వైపే చూస్తోంది. ఆ చూపు ఆయనకు నచ్చలేదు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఎడమ పక్క దొంతర తరగడం లేదు, లేబువాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. ఇక లాభం లేదనుకుని ఓ పది చీటీలు తెర చూడకుండా గబగబా కొట్టేశాడు. లేబు మనిషి గుమ్మంలో నిలబడి ఉండి, వాటిని ఉన్నపళంగా పట్టుకుపోయాడు.

మూడింటికి లేబు డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది.

“ఆడవాళ్ళ వార్డు, పదమూడో మంచం. హిమోగ్లోబిన్ ఒకటి పాయింటు రెండట. అంటే ఒంట్లో నెత్తురే లేనట్టు. ఆ పిల్లేమో మంచం మీద కూర్చుని జడేసుకుంటోంది.”

చీటీలో పదకొండు పాయింటు రెండని ఉంది. రెండు ఒకట్లలో ఒకటి పడలేదు.

“నర్సు చూసి ఫోన్ చేసింది కాబట్టి సరిపోయింది. ఈలోపు వాళ్ళాయన రిపోర్టు చదువుకుని నెత్తురు కోసం పరిగెత్తాడు. మెట్ల మీద పడి మోకాలు పగలగొట్టుకున్నాడు. ఎవరు కొట్టారిది?”

“నేనే మేడమ్,” అంది పక్క సీటావిడ. “కొత్త కీబోర్డు కదా.”

“కాస్త చూసుకోండమ్మా,” అని డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

ఆయనకు సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు. “ఎందుకు నీ మీద వేసుకున్నావు?”

“మీ వేళ్ళ సంగతి నాకు తెలుసు బాబాయ్ గారూ. అంత వేడి గ్లాసును అలా ఎవరు పట్టుకుంటారు? మొదటి ఏడాదే తెలిసింది.”

“తెలిసే చెవుల్లో దూది పెట్టుకున్నావా?”

ఆమె బల్ల కిందకు వంగి పాత కీబోర్డు తీసింది. “దీన్ని రోజూ నేను స్పిరిటుతో తుడుస్తాను. డాక్టరమ్మతో నేను మాట్లాడతాను. రెండేళ్ళెంతలో అయిపోతాయి? రిపోర్టులు పైకి వెళ్ళేముందు ఎలాగూ నేను చూస్తున్నాను. ఇవాళ చూడనివ్వకుండా పట్టుకుపోయాడు గానీ.”

ఆ మాట నోరు జారి వచ్చింది. ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పాడు.

“ఎప్పట్నుంచి చూస్తున్నావు?”

“పోనిద్దురూ.”

“తప్పులు దొరికేవా?”

“ఎక్కువేం కాదు.”

“ఎన్ని తల్లీ?”

“వారానికి ఒకటో రెండో,” అంది ఆమె. “పక్క మీట పడేది.”

టక్కుమంటే పడిందని తెలుస్తుంది, ఏది పడిందో తెలియదు. ఇంత చిన్న సంగతి మూడేళ్ళలో ఒక్కసారీ తట్టలేదా, తట్టినా పక్కకు నెట్టేశాడా, ఆయనకే తెలియలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి మోకాలు పగలగొట్టుకున్నాడని మాత్రం తెలుసు. నా వేళ్ళ గొప్ప కోసం, అనుకున్నాడు. లేచి డాక్టరమ్మ గదికి వెళ్ళి, ఆ రిపోర్టు కొట్టింది తనేనని చెప్పి వచ్చాడు.

వచ్చి పాత కీబోర్డు తగిలించి, ఉద్యోగం మానేస్తున్నట్టు ఉత్తరం టైపు చేశాడు. ముప్పై మూడేళ్ళ సర్వీసుకు ఏడు వాక్యాలు సరిపోయాయి. ఆమె దూది పెట్టుకోకుండా కూర్చుని ఆ చప్పుడంతా విన్నది.

“తప్పులుంటే చూడు,” అని కాగితం ఇచ్చాడు.

ఆమె రెండుసార్లు చదివింది. నాలుగో వాక్యంలో ఒక అక్షరం తప్పు పడింది.

“ఏం లేవు బాబాయ్ గారూ.”

ఆయన సంతకం పెట్టి, సంచి భుజాన వేసుకున్నాడు.

“మరి ఇది?” అంది కీబోర్డు చూపించి.

“ఇంట్లో ఏం కొడతాను?”

“పిన్నిగారికి చెప్తారా?”

“చెప్పాలి. రేపట్నుంచి గుండీలు పెట్టమని ఎలాగూ అడగాలి కదా,” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గుమ్మం దాటాక చాలాసేపు ఆయన చెప్పుల చప్పుడు వినబడింది.

వారం తిరక్కుండా ఆ సీట్లోకి కొత్తావిడ వచ్చింది. నీలం పలక మీద చప్పుడు లేకుండా, తప్పు లేకుండా కొట్టుకుపోతుంది. గది ఎంతో ప్రశాంతంగా ఉంది, పక్క సీటావిడ తలనొప్పి మాత్రం తగ్గలేదు. మెషీన్లాయన పాతది పట్టుకుపోతానని రెండుసార్లు వచ్చాడు. ఉంచమంది. శనివారం శనివారం దాన్ని దింపి, ఒక్కో మీటా స్పిరిటుతో తుడిచి, మళ్ళీ బీరువా మీద పెడుతుంది. వైరు ఆయన చుట్టిపెట్టుకున్నట్టే చుట్టి ఉంటుంది. ఒకటి అంకె పూర్తిగా అరిగిపోయింది, ఆ మీట పక్కనే ఆమె చెవుల్లోంచి తీసిన రెండు దూది ఉండలు ఉంటాయి.