వాసన పోయేదాకా

షట్టరు పైదాకా ఎత్తి, లైటు జోలికి పోకుండా, ముక్కుపిన్ని వీధిలోకి వచ్చి నిలబడింది. బయటి గాలి గుండెల నిండా పీల్చుకుని మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లింది. రంగులు పలచన చేసే థిన్నరు వాసన ఇంకా గుప్పుమంటూనే ఉంది. మళ్లీ వీధిలోకి వచ్చింది. ముక్కు కూడా చుట్టంలాంటిదే. కాసేపు కూర్చోబెడితే ఇంటిమనిషైపోతుంది, ఇక దేన్నీ పట్టించుకోదు. అందుకే ఆమె దాన్ని ఒకచోట కూర్చోనివ్వదు.

“లైటు వెయ్యనా అక్కా?” గుమ్మం బయట నిలబడ్డ రంగులాయన అడిగాడు.

“ఆగు.”

“చివరి రోజు కూడా కొత్తకోడలిలా వాకిట్లో నిలబెట్టాలా నన్ను?”

“కొత్తకోడలైతే ఈపాటికి మాట వినడం నేర్చుకునేది.”

గుడ్డసంచుల మీద బొమ్మలు అచ్చువేసే దుకాణం అతనిది. పక్కన దర్జీ కొట్టు, పైన రెండంతస్తుల్లో కాపురాలు. అందరికీ ఉన్నది ఒకటే మెట్లదారి. అది అతని గోడను ఆనుకునే పైకి పోతుంది. ఆ వాసనకు స్విచ్చు నిప్పురవ్వ తగిలి కింద అంటుకుంటే పైవాళ్లు దిగడానికి ఇంకో దారి లేదు. ఆ మెట్లు కడగడం, ఇసుక బకెట్లు నింపడం, రంగు తుడిచిన గుడ్డల్ని మూత ఉన్న ఇనపడబ్బాలో వేయించడం ముక్కుపిన్ని పని. పగలంతా ఎవరి గుమ్మం ముందైనా ఆగి ముక్కు ఎగబీలుస్తుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మొదట్లో వెనకాల అనేవారు, ఇప్పుడు ఎదురుగానే పిలుస్తారు.

ఏళ్ల తరబడి ఆ వాసనలోనే బతికిన రంగులాయనకు ముక్కు చచ్చుబడిపోయింది. “నాకేం రావట్లేదే” అంటాడు ఎప్పుడూ. ఆ మాట వినగానే ఆమె ముఖం గట్టిపడుతుంది. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. “వీధిలోకి రా” అంటుంది, అంతే.

ఊరి చివర, చుట్టూ ఇళ్లు లేని రేకుల షెడ్డుకు దుకాణం మారుతోంది. మధ్యాహ్నానికి డబ్బాలన్నీ వ్యాను ఎక్కాయి. ఒక్కొక్క మూతా బిగించి చూసి, పడిపోకుండా తాడు కట్టించింది ఆమె. అంతా అయ్యాక కూడా ఏదో వెలితి.

“ఎర్రగుడ్డ సీసా ఏది?”

బొమ్మలు అచ్చువేసే ఫ్రేములు తుడవడానికి అతను థిన్నరును మంచినీళ్ల సీసాలో పోసుకుంటాడు. మానమని చెప్పి చెప్పి విసిగి, చివరికి నీళ్లు కావని తెలిసేలా దాని మెడకు ఎర్రగుడ్డ కట్టించింది.

“గుడ్డ విప్పి ఫ్రేములకు కట్టేశాను. సీసా మెట్ల మీద పెట్టా. ఈ ఒక్కపూటకేగా అని...”

మెట్ల మీద సీసా లేదు.

ఎవరైనా మెట్ల మీద నీళ్లు వదిలేస్తే పారబోయడానికి మనసొప్పక పైకి పట్టుకెళ్లేది ఒక్కరే. మొదటి అంతస్తు తాతయ్య. ముక్కుపిన్ని చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి పరుగెత్తింది. మలుపు తిరిగేసరికి వాసన ఎదురొచ్చింది.

తలుపు తీసే ఉంది. పొయ్యి మీద గిన్నె, పక్కన ఖాళీ సీసా. తాతయ్య చేతిలో లైటరు.

“బాబాయ్! నొక్కకు!”

“వేడినీళ్లు కాచుకుందామనీ...”

“చెయ్యి దించు. అది నాకివ్వు. స్విచ్చులేవీ ముట్టుకోకు.”

లైటరు కొంగున ముడేసుకుంది. గిన్నెకు మూత పెట్టి, కిటికీలు బార్లా తెరిచి, తాతయ్యను రెక్క పట్టుకుని కిందికి దించి వీధిలో కూర్చోబెట్టింది. మళ్లీ వెళ్లి గిన్నె తెచ్చింది. అప్పుడు తనూ ఆయన పక్కన కూర్చుంది.

“వాసనైనా తగల్లేదా బాబాయ్?”

“జలుబమ్మాయ్. నువ్వు తిడుతున్నావు కాబట్టి చెవులు పనిచేస్తున్నాయని తెలుస్తోంది.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కళ్లనీళ్లూ వచ్చాయి.

రంగులాయన మాత్రం నవ్వలేదు. గిన్నెలోది డబ్బాలో పోసి మూత బిగించి, ఆమె పక్కన చతికిలబడ్డాడు. “పెద్దాయన్ని చంపేసేవాణ్ణక్కా. గిన్నె నా చేతిలోనే ఉంది, అయినా నాకేం రావట్లే...”

“మా ఆయనా అదే అనేవాడు,” అంది ముక్కుపిన్ని. “రంగుల గోదాములో పని. ఏం రావట్లేదే అని అగ్గిపుల్ల గీశాడు. బతికాడులే. వేళ్లు మాత్రం అతుక్కుపోయాయి. పోయేదాకా నేనే ముద్దలు కలిపి పెట్టా.”

అతను తన వేళ్లవైపు చూసుకున్నాడు. తర్వాత అన్నాడు: “షెడ్డులో ఇక మంచినీళ్ల సీసా ముట్టనక్కా. ఇనపడబ్బాలోనే పోసుకుంటా. పొద్దున తలుపు తీశాక వీధిలోనే నిలబడతా.”

“నిలబడు. నిలబెట్టడానికి అక్కడ నేనుండను.”

డ్రైవరు హారన్ కొట్టాడు. రంగులాయన డబ్బాలు ఒరగకుండా పట్టుకోవడానికి వెనకవైపే ఎక్కాడు. వ్యాను మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

తాతయ్య వంటగదికీ వీధికీ మధ్య ఆమె ఇంకా ఎన్నోసార్లు తిరిగింది. వాసన పూర్తిగా పోయాకే ఆయన్ని పైకి పంపి లైటరు ఇచ్చింది. పైనుంచి ఎవరింట్లోనో గిన్నెల చప్పుడు, పిల్లల గోల. మామూలు సాయంత్రమే.

ఖాళీ దుకాణంలోకి వెళ్లింది. ఏమీ లేదు. నమ్మకం కుదరక వీధిలోకి పోయి, గాలి పీల్చుకుని, మళ్లీ వచ్చింది. సున్నం వాసన, తడి గచ్చు వాసన, అంతే. ఊపిరి కడుపు అడుగుదాకా దిగింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ గదిలో తనే స్విచ్చు వేసింది.

వెలుతురు గుమ్మం దాటి మెట్టు మీద పడింది. డబ్బాల గొడవలో రంగులాయన ఉత్తికాళ్లతోనే వ్యాను ఎక్కేసినట్టున్నాడు. అరిగిన మడమలతో, అచ్చువేసిన ప్రతి బొమ్మ రంగూ ఒక్కో చుక్కై ఎండిపోయి, వీధివైపు తిరిగి అతని చెప్పుల జత.