పేరు మీది మట్టి

మా కాలేజీ స్థూపానికి ఏడు మెట్లు. పైన రాతి మీద ఒకే పేరు: రాజయ్య, బి.ఎస్సీ. రెండవ సంవత్సరం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో గేటు దగ్గర జరిగిన కాల్పుల్లో పోయాడు. అతన్ని భుజాన వేసుకుని పరుగెత్తిన ల్యాబ్ అటెండరు దేవసహాయం మోకాలికి ఇంకో తూటా తగిలింది. అప్పటినుంచి ఆ కాలికి ఇనుపపట్టీల బూటు. ఆ బూటుతో అతను మెట్లెక్కలేడు.

ఏటా సంస్మరణ రోజున అతను కింద నిలబడేవాడు. నేను దిగి రాగానే అడిగేవాడు.

"పేరు తుడిసిండ్రా సార్?"

"తుడిసిన."

నేను సైకాలజీ చెబుతాను. ఎదుటివాడికి ఏ అబద్ధం సరిపోతుందో తెలుసుకోవడానికి నాకు అంత చదువూ అక్కరలేకపోయింది. రుమాలు మాపుకోవడం మాత్రం ఇష్టం ఉండేది కాదు.

తొంభై రెండులో, రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు, దేవసహాయం ఒక దరఖాస్తు పట్టుకొచ్చాడు.

"అప్పుడు నేను దవాఖానల పడి ఉంటి సార్. రాజయ్య మట్టికి పోలే. ఒక్కసారి పైకెక్కి ఆ పేరు మీది మట్టన్న తుడుస్త. దవాఖానల బండి తోలేటందుకు వాలుగ కడ్తరు సూడుండ్రి, గసొంటి బాట జర కట్టియ్యుండ్రి."

ప్రిన్సిపాల్ జగన్మోహన్‌రావు కమిటీ వేశారు. అందులో నేనున్నాను. దేవసహాయం లేడు, కమిటీ గది మేడ మీద.

వాలుబాట రెండు నిమిషాల్లో ఆమోదం పొందింది. ఒక మంచిపని అంత తేలిగ్గా అయిపోవడం ఎవరికీ నచ్చలేదు. స్థూపం మీద ఒక్క ఆడమనిషి పేరూ లేదని ఎకనామిక్స్ నిర్మలాదేవి గారు లేవదీశారు.

"ఆడపిల్లలెవరూ చనిపోలేదు గద మేడమ్," అన్నారు ప్రిన్సిపాల్.

"అదే నేననేది. అప్పుడు కూడ వాళ్లను ముందుకు రానియ్యలే."

హిస్టరీ లింగమూర్తి బల్ల చరిచాడు. "మరి ఆర్ట్స్ వాళ్ల పేరేది? స్థూపం సైన్సోళ్ల సొంతమా?"

అందరూ నావైపు చూశారు. మనసు తెలిసినవాణ్ణి కదా. "ఒకరి పేరు చెక్కినచోట మిగతా అందరూ పరాయివాళ్లవుతారు," అన్నాను. "పేరు తీసేసి అద్దంలాంటి నల్లరాయి పెడదాం. ఎవరికి వారు అందులో కనబడతారు."

తన ముఖం మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు. రాజయ్య పేరు ఏకగ్రీవంగా పోయింది.

వరండాలో దేవసహాయం ఆపాడు. "పేరు ఉంచుతుండ్రు గద సార్?"

"ఫికర్ చెయ్యకు. అందరి పేర్లూ ఉన్నట్టే."

"అందరి సంగతి కాదు సార్. రాజయ్యది."

"ఉన్నట్టే," అన్నాను. ఆ 'ట్టే'లో నాకు దాక్కునేంత చోటు ఉంది.

ప్రారంభం రోజున కొత్త రాయి నిగనిగలాడింది. ప్రిన్సిపాల్ అందులో చూసుకుని క్రాపు సవరించుకున్నారు. దేవసహాయం ఉతికిన తెల్ల దస్తి రుమాలు పట్టుకుని వాలుబాట దగ్గరికి వచ్చాడు. అక్కడ కొత్త బోర్డు: 'చెప్పులు విడిచి ఎక్కవలెను.' పక్కనే వాచ్‌మన్ హనుమండ్లు.

"దేవన్నా, బూటు ఇడువు."

"ఇది ఇడిస్తే కాలు ఇడిసినట్టే తమ్మీ."

"నన్నేం జెయ్యమంటవు? సార్లు రాసిండ్రు."

పైనున్న నాకు ఇదంతా నల్లరాయిలో కనబడుతూనే ఉంది. దిగి వెళ్లి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే అతను పైకి వస్తాడు, పేరు వెతుకుతాడు. నేను దిగలేదు. కాస్త జరిగి నిలబడ్డాను. అతనున్నచోటికి నా ముఖం అడ్డం వచ్చింది. ప్రిన్సిపాల్ 'అందరి స్థూపం' గురించి ముప్పావుగంట మాట్లాడారు.

సభ అయ్యాక చెప్పుల కోసం దిగాను. దేవసహాయం బూటు కాలు చాచుకుని నేల మీద కూర్చున్నాడు. అందరి చెప్పులూ ఒక పక్కకు జరిపి ఉన్నాయి. చెప్పులు విడిచేచోట పరిచిన బండ పాత రాయి. మంచి రాయి వృథా చేయడం ఇష్టంలేక మేస్త్రీ దాన్ని అక్కడ పరిచాడు, అక్షరాలు పైకి ఉండేలా.

అక్షరాల్లో ఎండిన పాకురు గడ్డకట్టి ఉంది. అతను ల్యాబ్ బీరువా తాళంచెవితో దాన్ని గీకుతున్నాడు. 'రా' బయటపడింది. 'జ' బయటపడింది. ఒక్క నా చెప్పులు మాత్రం అతను ముట్టుకోలేదు.

"ఇరవై ఏండ్ల పాకురు సార్," అన్నాడు తలెత్తకుండా.

నేను జేబులోని రుమాలు తడుముకున్నాను.

"మీ చెప్పులు జర తీసుకోండ్రి. కింద 'య్య' ఉన్నది."