ఉప్పుకు వాసన లేదు

“ఉప్పు తక్కువైంది.”

మా మామ బస్వరాజ్ రోజూ మధ్యాహ్నం మొదటి ముద్ద మింగాక అనే మాట ఇది. ఒక్కోరోజు ‘ఎక్కువైంది’ అంటారు. సరిపోయిన రోజు ఏమీ అనరు. ఆ మౌనాన్నే మెప్పు కింద జమకట్టుకుని నెట్టుకొస్తున్నాను. ఆయన వెనకే మా అత్త అనంతమ్మ అందుకుంటుంది: “ఇర్వై రెండేండ్లాయె ఈ ఇంటికొచ్చి. చేతికి ఇంక అందాజు రాలే.” మా ఆయన రాజేశ్వర్‌ది మాత్రం పెద్ద మనసు. “పోనియ్యమ్మా, ఉప్పు డబ్బ ఇటియ్యమను,” అంటాడు. డబ్బా ఆయన చేతికి మూరెడు దూరంలోనే ఉంటుంది. నేను వంటగదిలోంచి వచ్చి దాన్ని ఆ మూరెడూ జరిపి వెళతాను.

ఇందులో తమాషా ఏమిటంటే, మా ఇంట్లో వంట చేసే మనిషి రుచి చూడకూడదు. మేం లింగాయతులం. మామ లింగపూజ చేసుకుని, నైవేద్యం చూపించి, ఆయన భోజనానికి కూర్చునేదాకా వండినదాన్ని ఎవరూ నోట పెట్టకూడదని అత్త కట్టడి. కోహీర్‌లో మా పుట్టింట్లోనూ పూజలున్నాయి గానీ ఇంత పట్టుదల లేదు. మా అమ్మ చారు రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుక తగిలించి, తల ఊపి దించేది. పెళ్ళయిన మూడో రోజు అలవాటు కొద్దీ నేనూ అదే పని చేశాను. అత్త చూసింది. “ఎంగిలి జేసినవు! దేవునికి నీ ఎంగిలి పెట్టాల్నా?” అని చారంతా బర్రె కుడితిలో పోయించి, మళ్ళీ మొదట్నుంచీ చేయించింది. రెండోసారి చేసిన దాంట్లో ఉప్పు ఎక్కువైంది. బర్రెకు మాత్రం ఆ పూట సరిపోయింది.

నియమాల్లో అత్తను మించినవాళ్ళు లేరు. సోమవారం పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టదు. నమిలే పొగాకు, తంబాకు మాత్రం దవడన ఉంటుంది. కొత్తలో ఒకసారి తెలియక, “ఉపవాసం రోజు తంబాకు తినొచ్చా అత్తమ్మా?” అని అడిగాను. “మింగితెనే తిన్నట్టు. ఉమ్మితె ఏం లేదు,” అని నా అజ్ఞానానికి జాలిపడి చెప్పింది. ఆ మాట నేను మరిచిపోలేదు. మన ఆడవాళ్ళకు మరుపు తక్కువ, పని ఎక్కువ.

సరే, నాలుక లేకపోతే ముక్కుంది. ముక్కుతో వండడం నేర్చుకున్నాను. చింతపండు ఎక్కువైందా తక్కువైందా ఆవిరిలో తెలుస్తుంది. పుంటికూర పచ్చివాసన పోయిందా, పప్పు అడుగంటబోతోందా, ధనియాలు ఇంకో రెండు తిప్పులకు మాడతాయా, అన్నీ ముక్కే చెబుతుంది. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద మాకొక శాకాహార హోటల్ ఉంది. దానికి కావలసిన పొడులన్నీ తెల్లవారుజామున లేచి నేనే వేయించి పట్టిస్తాను. దాన్ని ఇంటిపని అంటారు కాబట్టి జీతం ఉండదు. లారీ డ్రైవర్లు సాంబారు మెచ్చుకుంటే మా ఆయన, “మన సొంత మసాల,” అని మీసం సవరించుకుంటాడు. ఇంత విద్య వచ్చిన ముక్కు ఒక్క ఉప్పు దగ్గర ఓడిపోతుంది. ఉప్పుకు వాసన లేదు. అది నాలుకే చెప్పాలి. నాలుకకు అనుమతి లేదు. తెల్లారితే మళ్ళీ ‘ఉప్పు తక్కువైంది’. పాపం, దేవుడు కూడా ఇరవై రెండేళ్ళుగా అదే చారు తింటున్నాడు. ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు.

ఇలా ఉండగా, పోయిన నెల నాసిక్ వైపు నుంచి ఒక వైన్ కంపెనీ వాళ్ళు వచ్చి హోటల్ పక్కనున్న మా ఖాళీ హాలు కిరాయికి అడిగారు. అక్కడ రకరకాల దేశాల వైన్లు పెడతారట. కారు ఆపుకుని వచ్చినవాళ్ళకు తలా ఒక గుక్క రుచి చూపించి, ఏది ఎలా ఉంటుందో చెప్పి, నచ్చింది ఎంచుకోవడానికి సాయం చేస్తారట. చుక్క ముట్టని వంశం మాది. మామ ఒక పూటంతా ఆలోచించి, “మనం తాగుతున్నమా? జాగ ఇస్తున్నం,” అని ధర్మం తేల్చారు. ఇంకో మాట కూడా కుదిరింది. మా ఇంట్లోంచి ఒకరికి, పరీక్షలో నెగ్గితే, ఆ హాల్లో ఉద్యోగం ఇస్తారు. “నేను లేనా?” అన్నాడు మా ఆయన. ఇంకెవరైనా ఉన్నారేమో అని ఎవరూ ఇటు చూడలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ చూసుకోలేదు.

పదిహేను రోజులు మా ఆయన ఫోన్లో వీడియోలు చూస్తూ చదివాడు. డిగ్రీకి కూడా అంత చదివి ఉండడు. గ్లాసు తిప్పడం సాధన చేయాలని స్టీలు గ్లాసులో మజ్జిగ పోసుకుని గిరగిరా తిప్పేవాడు. సగం చొక్కా మీద పడేది. మిగిలిన సగం కళ్ళు మూసుకుని పీల్చి, “దీనికి మంచి బాడీ ఉంది,” అనేవాడు. బాడీ సంగతేమో గానీ పదిహేను రోజుల్లో పద్దెనిమిది చొక్కాలు నేనే ఉతికాను.

పరీక్ష రోజు సోమవారం. “అవి నాజూకు గ్లాసులు, పనోళ్ళు పలగ్గొడ్తరు. నువ్వొచ్చి కడుగు,” అని నన్నూ తీసుకెళ్ళాడు. పరీక్ష పెట్టే ఆవిడ పేరు మృణాల్. పుట్టింది నాసిక్ దగ్గర, చదివింది హైదరాబాదులో. తెలుగు చక్కగా మాట్లాడుతుంది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఐదు గ్లాసులు పెట్టింది. రెండు తెల్లవి, రెండు ఎర్రవి, ఒకటి భోజనం తరవాత తాగే తీపి వైన్. పక్కన ఉమ్మడానికి ఒక బకెట్. సీసాల మీద పేర్లు కనబడకుండా కాగితం చుట్టింది.

మా ఆయన మొదటిది తిప్పి, పీల్చి, పుక్కిలించి, “మంచి బాడీ ఉంది మేడం,” అన్నాడు. రెండోదానికీ బాడీ ఉంది. మూడోదానికి బాడీతో పాటు బ్యాలెన్సు ఉంది. నాలుగోదాని దగ్గర కుర్చీలో ముందుకు జరిగాడు. “ఇది టాప్ మేడం. పాత సరుకు. మట్టి వాసనొస్తుంది. ఫ్రాన్స్‌ది గావొచ్చు.” మేడం ఏమీ రాసుకోలేదు. ఐదోది తీపిగా ఉందని చెప్పి రుమాలుతో పెదవులు అద్దుకున్నాడు. నేను ముందుకొచ్చి గ్లాసులు ఎత్తుతున్నాను. నాలుగో గ్లాసు ముక్కు కిందుగా వచ్చింది.

“అయ్యో, ఇది చెడిపోయింది,” అన్నాను. ఇరవై రెండేళ్ళ అలవాటు, నోరు జారింది.

“ఏమన్నారు?” అంది మేడం.

“దానికేం తెల్సు మేడం, వంటింటి మనిషి,” అన్నాడు మా ఆయన.

“ఏమన్నారో చెప్పండి,” అందావిడ నాతోనే.

“తడిసిన గోనెసంచి వాసనొస్తుంది మేడం. ఒక్కసారి మా ఇంట్ల కందుల సంచి వానకు నాని మూలకుండె. గట్లనే ఉంది.”

మేడం కలం తీసింది. బిరడా పాడైతే సీసాలోకి అదే వాసన దిగుతుందట. పరీక్ష కోసమే ఆ సీసా పట్టుకొచ్చిందట. నేర్చుకున్నవాళ్ళు కూడా చాలామంది దాన్ని కనిపెట్టలేరట. చెబుతూనే తన పక్కకు ఒక కుర్చీ లాగింది. నేను చేతులు కొంగుకు తుడుచుకుని, మా ఆయన వైపు చూడకుండా కూర్చున్నాను.

మొదటి తెల్లది వాసన చూస్తే పచ్చి జామకాయ, అప్పుడే కోసిన గడ్డి. అది నాసిక్‌ది అంది మేడం. రెండో తెల్లదాని దగ్గర ఆగిపోయాను. నిమ్మతొక్క వాసన తెలుస్తూనే ఉంది. దాని వెనక ఇంకొకటి ఉంది. చెప్పడానికి సిగ్గేసింది.

“చెప్పండి, పర్వాలేదు.”

“గ్యాస్‌నూనె మేడం. అదే, కిరసనాయిలు.”

మా ఆయన నుదురు కొట్టుకున్నాడు. “అయిపాయె. హాలు గూడ పాయె.”

మేడం పగలబడి నవ్వింది. జర్మనీలో రీస్లింగ్ అనే ద్రాక్ష ఉందట. దాంతో చేసిన వైన్ కొన్నేళ్ళు నిలవుంటే సరిగ్గా ఆ వాసనే పడుతుందట. ఏరికోరి దానికోసమే కొనేవాళ్ళున్నారట. పెళ్ళయిన కొత్తలో స్టవ్వు ముట్టించి వచ్చిన నా చీరకు అదే వాసన ఉంటే మా ఆయన మొహం తిప్పుకునేవాడు. జర్మనీలో పుట్టకపోవడం నా తప్పే.

మూడోది, ఎర్రది, నేరేడు పండు, వెనకనే మిరియాలు. చివరిది తీపి వైన్. చెరకు గానుగ దగ్గర బెల్లం పాకం దించబోయే ముందు వచ్చే వాసన, దాని మీద నానబెట్టిన ఖుబానీ పండు. దానికోసం ద్రాక్షను వేళకు కోయకుండా తీగ మీదే వడలనిస్తారని మేడం చెప్పింది. ఆలస్యమయ్యే కొద్దీ తీపి చేరుతుందట. నలభై మూడేళ్ళ నాకు ఆ మాట చాలా నచ్చింది.

అప్పుడావిడ చెడిపోయినదాని బదులు కొత్త సీసా తెరిచి గ్లాసులో పోసింది. “ఇది ఇంకా ఎవరూ ముట్టలేదు. ముందు మీరే చూడండి. మింగక్కర్లేదు. పుక్కిలించి బకెట్లో ఉమ్మేయండి.”

గ్లాసు ఎత్తాను. పెదవి దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. వైన్ అని కాదు. ‘ముందు మీరే చూడండి’ అన్న మాటకు. అలా ఎవరైనా అంటే ఏం చేయాలో నాకు తెలియదు. ఆ సందులో మా ఆయన, అప్పటిదాకా గంటసేపు పుక్కిలించి ఉమ్మిన మనిషి, “మా ఇంట్ల ఇసొంటియి ముట్టరు మేడం,” అన్నాడు. గ్లాసు దించేశాను.

“ఉద్యోగం ఈమెకే ఇస్తాను,” అంది మేడం. “కానీ రోజూ రుచి చూడాల్సిందే. ఇంట్లో మాట్లాడుకుని రేపు పదింటికి వచ్చి చెప్పండి.”

ఆటోలో ఇంటికి బయల్దేరాం. నాకు ఆ ఉద్యోగం కావాలి. పెళ్ళయ్యాక నాకోసం నాకు ఏదైనా అంత గట్టిగా కావాలనిపించడం అదే మొదలు. ఇంట్లో వద్దంటారనీ తెలుసు.

సాయంత్రం నడింట్లో పంచాయితీ కూర్చుంది. మామ మంచం మీద, మా ఆయన కుర్చీలో, అత్త గోడకు ఆనుకుని, పక్కన ఉమ్మే డబ్బా. నేను నిలబడి పరీక్ష సంగతంతా చెప్పాను.

“ఆడిమనిషి వైను నోట్ల పోస్కునుడా? లింగం కట్టిన ఇల్లు ఇది,” అంది అత్త.

“మింగనత్తమ్మా. ఉమ్మేస్త.”

“ఉమ్మినా నోట్లకు పోయింది పోయిందే!” అని, ఇంకేదో అనబోయి, నోరు నిండిపోవడంతో డబ్బా అందుకుని ఉమ్మింది. మూతి తుడుచుకునేదాకా ఆగి, నెమ్మదిగా అడిగాను.

“ఇయ్యాల సోమారం గద అత్తమ్మా. మీ ఉపాసం ఉన్నట్టా, పోయినట్టా?”

అత్త దవడ కదలడం ఆగిపోయింది. ముందు నవ్వింది మామ. ఉప్పు గురించి తప్ప నోరు విప్పని మనిషి, పొట్ట పట్టుకుని నవ్వి, “ఉంటె రెండూ ఉన్నట్టె. పోతె రెండూ పోయినట్టె. ఆలోచన జేస్కో,” అన్నారు.

అత్త ఆలోచించింది. ఒకవైపు కోడలి నోరు, ఇంకోవైపు నలభై ఏళ్ళ సోమవారాలు. సోమవారాలను వదులుకోలేకపోయింది. “మింగద్దు మరి. చుక్క గూడ మింగద్దు,” అంది గోడవైపు చూస్తూ.

“మరి నా నౌకరి?” అన్నాడు మా ఆయన.

“నీకు గోనెసంచి వాసనే తెల్వకపాయె గదరా,” అంది వాళ్ళమ్మ.

ఆ తరవాత అసలు ప్రశ్న వచ్చింది. నేను పదింటికల్లా పోతే వంటెవరు చేస్తారు, పొడులెవరు పట్టిస్తారు? ఇన్నాళ్ళూ నేనేం చేస్తున్నానో వాళ్ళకు తెలియదనుకున్నాను. అడిగితే గడగడా వరసపెట్టి చెప్పారు. “పొద్దటి వంట చేసి పోత,” అన్నాను. “పొడులకు జీతం మనిషిని వెట్టుకోండ్రి.” జీతం అనగానే మా ఆయన ఉలిక్కిపడ్డాడు.

మర్నాడు తొమ్మిదింటికి మామ స్నానానికి వెళ్ళారు. పొయ్యి మీద చారు మరుగుతోంది. చింతపండు సరిపోయింది, జీలకర్ర తెలుస్తోంది, కొత్తిమీర ఇప్పుడే పడింది. ముక్కు చెప్పగలిగిందంతా చెప్పేసింది. అత్త వంటగది గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. నేను గరిటె ముంచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకున్నాను, మా అమ్మ వేసుకున్నట్టే.

“త్రివేణీ! పూజ గాలే!” అంది అత్త.

వైన్ అయితే ఉమ్మేయాలి. ఇది చారు. మింగాను.

“ఉప్పు తక్కువైంది అత్తమ్మా,” అన్నాను. చిటికెడు వేసి, కలిపి, మళ్ళీ రుచి చూశాను.