బొగ్గు తిన్న తీపి మంచు

మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చిన లీడరమ్మ తలుపు తోసింది. బొగ్గు ఎదురు రాలేదు.

ఆమె మెట్ల మీద ఉండగానే లోపల తలుపు గీకి గీకి పెట్టే కుక్క అది. మనిషి గడప దాటకముందే చేతిసంచి లాక్కుని మంచం కింద దూరే దొంగ. ఇవాళ గోళ్ళ చప్పుడే లేదు. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, రేకుల కప్పు కింద గది ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. గది మధ్యలో బొగ్గు నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడాలని చూస్తోంది. నిలబడలేక పక్కకి కూలింది.

"అత్తా! ఏమైంది దీనికి?"

"తాగినోడిలా తూలుతోందే అమ్మాయ్. ఇందాక కక్కింది కూడా. ఎండేమో."

ఎండే అనుకుంది లీడరమ్మ. తువ్వాలు తడిపి పొట్ట మీద వేసింది, పాదాలు తడిపింది. చెవి పట్టుకుని చూసి ఆగిపోయింది. ఎండదెబ్బకి ఒళ్ళు కాలాలి కదా. దీని చెవులు చల్లగా ఉన్నాయి. కాళ్ళు మాత్రం సన్నగా వణుకుతున్నాయి.

ఆమె అసలు పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా లేదు. లాండ్రీలో అందరికీ లీడరమ్మే. ఇస్త్రీ గదికి ఫ్యాన్లు పెట్టించింది ఆమె. గేటు దగ్గర ఆడవాళ్ళ సంచులు తడమడం మాన్పించింది ఆమె. "మా సంచిలో చెయ్యి పెట్టే హక్కు నీకెవడిచ్చాడు?" అని సూపర్‌వైజరు మొహం మీదే అడిగింది. సూపర్‌వైజరుకి భయపడదు, లాండ్రీ యజమాని ముదలాళికి భయపడదు. ఇప్పుడు ఈ నల్లకుక్క కాళ్ళు వణుకుతుంటే ఫోను మీద కుక్కల డాక్టరమ్మ నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది.

"ఏం తిన్నది?" అంది డాక్టరమ్మ.

"మీరు చెప్పిందే డాక్టరమ్మా. గింజలు తీసిన పుచ్చకాయ, వట్టి పెరుగు, నీళ్ళు. గిన్నెలో గడ్డకట్టించి పెడతాం. ఎండలు ముదిరినప్పటి నుంచీ అదే. ద్రాక్ష లేదు, చాక్లెట్ లేదు, ఉప్పు కూడా లేదు."

"మీరే కలిపారా?"

"మా అత్త కలిపింది. పొద్దున నాకు డ్యూటీ హడావిడి." లీడరమ్మ తల తిప్పింది. "అత్తా, గిన్నెలో ఇంకేమన్నా వేశావా?"

ముసలామె గోడకి అంటుకుపోయింది. "కాస్త తీపి వేశానే."

"ఏం తీపి?"

"నా పొడి."

షుగరు రోగులకి అమ్మే తెల్లటి తీపి పొడి. అత్తకి షుగరు బయటపడ్డ రోజునే లీడరమ్మ కొనుక్కొచ్చింది.

డాక్టరమ్మ గొంతు మారిపోయింది. "డబ్బా తెచ్చి చదవండి. జైలిటాల్ అని ఉందా?"

ఉంది. చిన్న అక్షరాల్లో, అడుగున.

"అది మనుషులకి ఏమీ చెయ్యదు, కుక్కకి విషం. ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ముందు చక్కెర తడిపి చిగుళ్ళకి రుద్దండి. గొంతులో మాత్రం పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రుద్దుతూనే ఇక్కడికి తీసుకురండి. ఆలస్యం చేస్తే నేనేం చెయ్యలేను."

చక్కెర!

ఏ ఇంట్లో అడుగుతున్నావు తల్లీ చక్కెర! ఈ ఇంట్లోంచి దాన్ని మెడ పట్టి గెంటింది లీడరమ్మే. బెల్లం లేదు, తేనె లేదు, బిస్కెట్టు ముక్క లేదు. అత్త బాగు కోసమే. పనికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి డబ్బాలు తెరిచి చూసేది. అత్త పరుపు కూడా ఎత్తి చూసింది ఒకరోజు.

"దాని తల పట్టుకో!" అని అరిచి బయటికి ఉరికింది.

పక్క గదికి తాళం. ఆ పక్కదానికీ తాళం. అందరూ షిఫ్టులో ఉన్నారు. మనుషుల్ని పగలంతా ఆవిరిలో ఉడకేసి రాత్రికి ఇంటికి వదిలే లాండ్రీ అది, మధ్యాహ్నం ఇంట్లో ఎవడుంటాడు? వీధి చివర కొట్టుకి పరిగెత్తింది. చెప్పులేసుకోవడం మర్చిపోయింది, తారు అరికాళ్ళకి అంటుకుంది. కొట్టు షట్టరు దించి ఉంది. రెండు చేతులతో బాదింది. "అయ్యా! గుప్పెడు చక్కెర! తలుపు తియ్యండయ్యా!" రేకు మోగింది తప్ప లోపల ఎవరూ పలకలేదు. మేడ మీద కిటికీలో ఒకాయన తొంగిచూసి, "నిద్ర పోనివ్వరా?" అని కిటికీ వేసుకున్నాడు.

ఉత్త చేతులతో వెనక్కి వచ్చింది. మెట్లెక్కుతుంటే ఏడుపు వచ్చింది. ఏడుపు మీద కోపం వచ్చింది.

గదినిండా గుండీలు. తెల్లవి, నల్లవి, ఆసుపత్రి కోట్ల పెద్దపెద్దవి. లాండ్రీలో ఊడిన గుండీలు కుట్టిపెట్టడం అత్త పని, ఇంట్లో కూర్చునే కుడుతుంది. ఆమె గుండీల డబ్బా నేల మీద బోర్లా పడి ఉంది. బొగ్గు తల ఆమె ఒడిలో ఉంది. ఆమె వేళ్ళు దాని పెదవి కింద ఉన్నాయి. పక్కన ప్లాస్టిక్ సంచి. సంచిలో చక్కెర.

"ఎక్కడిదిది?"

"తర్వాత తిట్టు. ముందు దీని దవడ పట్టు, పళ్ళు బిగిస్తోంది."

లీడరమ్మ పట్టుకుంది. బొగ్గు ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది, కాళ్ళు గాలిలో తన్నుకున్నాయి. ముసలామె వేలు తీసేసింది, తన్నుకోవడం ఆగగానే మళ్ళీ పెట్టింది. వేలికి రక్తం. చక్కెర, రక్తం, చొంగ.

"పోతుందా అమ్మాయ్?"

"నోరు ముయ్యత్తా!"

మెట్ల కింద లాండ్రీ వాళ్ళ తోపుడు బండి ఉంది, మాసిన దుప్పట్లు వేసుకుపోయేది. ఇద్దరూ చెరొక వైపు పట్టి బొగ్గుని దింపారు. దుప్పట్ల మీద పడుకోబెట్టి లీడరమ్మ తోసింది. బండి ముందు చక్రం ఎప్పుడూ ఎడమకే లాగుతుంది, దాన్ని తిట్టుకుంటూ తోసింది. అత్త పక్కనే నడుస్తూ, ఒక చెయ్యి బండి అంచు మీద, ఒక చెయ్యి కుక్క నోట్లో. ఎండ నడినెత్తిన ఉంది. వీధిలో వీళ్ళు తప్ప పురుగు లేదు.

"చెప్పు," అంది లీడరమ్మ రొప్పుతూ.

"ఏం చెప్పను?"

"పొడి దానికెందుకు పెట్టావు? నీ దగ్గర చక్కెరుంటే చక్కెరే వేసుండొచ్చు కదా!"

"నిన్న రాత్రి ఏమన్నావు? 'పొడి డబ్బా దిగట్లేదేంటత్తా, ఎక్కడన్నా దొంగతిండి తింటున్నావా' అన్నావు. టీలో చక్కెర వేసుకుంటుంటే పొడి మిగిలిపోదూ? డబ్బా దిగాలి కదే మరి! కాలవలో పారబోద్దామంటే అంత ఖరీదు పొడి, చెయ్యి రాలేదు. నేను తిన్నా హాని లేదన్నావు, కుక్కకి మాత్రం ఏమవుతుందిలే అనుకున్నా. నాలుగు చెంచాలు వేశా. ఎంత ఇష్టంగా నాకిందో! గిన్నె కడిగినట్టు నాకింది." ఆమె వేలు చిగుళ్ళ మీద మళ్ళీ రుద్దింది. "నాలుగు గుక్కల తియ్యటి టీ కోసం నా బొగ్గుని నేనే చంపుకున్నానే."

లీడరమ్మకి తిట్టు నోటిదాకా వచ్చింది. వచ్చి అక్కడే అడ్డం పడింది. డబ్బాలు తడిమిందెవరు? పరుపు ఎత్తిందెవరు? ముసలి మనిషిని గుండీల కింద చక్కెర దాచుకునేదాకా తరిమిందెవరు? సూపర్‌వైజరా?

"చావలేదింకా," అంది. "రుద్దు."

డాక్టరమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. బల్ల మీదికి ఎక్కించారు, ముందు కాలు మీద బొచ్చు గీశారు, నరం దొరకబుచ్చుకుని గ్లూకోజు ఎక్కించారు. "దారంతా రుద్దబట్టి ఇక్కడిదాకా వచ్చింది," అంది డాక్టరమ్మ. "బతుకుతుందని మాత్రం ఇప్పుడే చెప్పను. చక్కెర నిలబడాలి. కాలేయం దెబ్బతినకుండా ఉండాలి. రేపటిదాకా ఇక్కడే ఉంచండి. సూది ఊడకుండా ఈ కాలు ఒకరు పట్టుకోండి."

లీడరమ్మ పట్టుకుంది. జేబులో ఫోను మోగింది. బండేదని సూపర్‌వైజరు అయ్యుంటాడు. మోగనిచ్చింది.

ముసలామె బెంచీ మీద కూర్చోలేదు. మిగిలిన చక్కెర సంచి కోడలి ముందు చాపింది. "తీసుకో. పారెయ్. ఇంకెప్పుడూ ముట్టను."

"నాకెందుకు? నీ సంచిలో నేను చెయ్యి పెట్టను."

"మరి నా షుగరు?"

"ఎంత వేసుకున్నావో నాకు చెప్పి వేసుకో. కొట్లాడుకుందాం. దాచకు, అంతే." లీడరమ్మ కళ్ళు బొగ్గు మీదే ఉన్నాయి. "ఇంకాస్త తడుపు. చిగుళ్ళు తెల్లబడ్డాయి మళ్ళీ."

ముసలామె వేలు తడుపుకుని చక్కెరలో అద్ది పెదవి కింద పెట్టింది. గది చల్లగానే ఉంది, అయినా ఇద్దరి చెమటా బల్ల మీద కారుతోంది. గ్లూకోజు చుక్కచుక్కగా దిగుతోంది.

"అమ్మాయ్! నాలుక ఆడింది! నా వేలు నాకింది!"

"చూశాను."

"మళ్ళీ ఆడిందా?"

లీడరమ్మ వంగి, మొహం దాని మూతికి ఆనించి చూసింది. వెచ్చటి ఊపిరి, సన్నగా.

"ఇంకా లేదు. వేలు తియ్యకు."