చెవుల పరీక్ష

ఆదివారం సంఘం భవనంలో చెవుల పరీక్షలు చేస్తారని బాలమణి వారం పొడుగునా మొగుడికి చెబుతూనే ఉంది. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ చెప్పింది. పొయ్యి మీద కూర కలుపుతూ చెప్పింది. నరేందర్ ఊ అనలేదు, ఆ అనలేదు. అన్నం తిని, చేయి కడుక్కుని, సాంచాల షెడ్డుకు, మరమగ్గం నడపడానికి వెళ్లిపోయేవాడు.

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య బతికేవాళ్ల చెవులను ఉచితంగా పరీక్షించడానికి జగిత్యాల నుంచి కొందరు వలంటీర్లు వస్తున్నారు. ఈ వాడలో మనుషుల్ని పోగుచేసే పని బాలమణి తనంతట తానే నెత్తిన వేసుకుంది. ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది. తీరా సొంత మొగుడే రాకపోతే నలుగురిలో ఏం బాగుంటుంది?

ఆదివారం పొద్దున సుస్మిత అనే వలంటీరు వాడలోకి వచ్చింది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. నవ్వు ముఖం. గడప ముందు కూర్చున్న నరేందర్ ఎదురుగా నిలబడి, "అన్నా, చెవులు సూపిచ్చుకుందురు రాండ్రి" అంది.

"అయ్యో, వస్తున్న మేడం. గీ అంగీ మార్చుకొని వస్తున్న."

ఇస్త్రీ చొక్కా తీశాడు. పెళ్లిళ్లకు వేసుకునేది. బాలమణికి కడుపు మండింది. వంగి చెప్పులు వెతుక్కుంటూ, "నేను వారం సంది మొత్తుకుంటే ఇనవడలే. ఆమె ఒక్కపారి అనంగనే పెండ్లికొడుకు లెక్క తయారైనవు" అంది. నరేందర్ వెనక్కి తిరిగి చూడకుండా గుమ్మం దాటాడు.

సంఘం భవనంలో సుస్మిత అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుంది. వరుసను చూసుకునే పని బాలమణిది కాబట్టి వాళ్లకు కొంచెం దూరంలో నిలబడింది. ఎంత వద్దనుకున్నా చూపు అటే పోతోంది.

"చెవులల్ల గుయ్యిమంటదా అన్నా?"

"రాత్రయితే మస్తు గుయ్యిమంటది మేడం. నిద్ర వట్టది."

పక్కన పడుకునే మనిషికి ఏనాడూ చెప్పని మాట అది.

"షెడ్డుల మాట్లాడుకునుడు ఎట్ల మరి?"

"మాటలేడియి మేడం! మూతి సూసుడే, చెయ్యి ఊపుడే" అని చేతులు తిప్పి చూపిస్తూ నవ్వాడు.

వరుసలో ముందున్న భూమవ్వ బాలమణి చెయ్యి గిల్లింది. "ఏమే, నీ మొగనికి నోట్లె గిన్ని పండ్లున్నయా? ఇన్నేండ్లు వాడకట్టుల ఎవలకూ సూపియ్యకపాయె."

"ఎవలకు సూపియ్యాల్నో గాళ్లకే సూపిస్తడు" అంది బాలమణి.

సుస్మిత లేచింది. "ఇగ నేను ఎనుక నిలవడి సన్నగ ఒక మాట అంట. మీరు గదే మాట తిరిగి అనాలె" అని అతని వెనక్కి వెళ్లి, ఒక చెవిని వేలితో మూసి, రెండో చెవి వైపు వంగింది. బాలమణి పమిట కొంగును పిడికిట్లో నలిపింది. చెయ్యి వెయ్యకుండా చేసే పరీక్షలే లేవా వీళ్ల దగ్గర?

"వాన" అంది సుస్మిత, గుసగుసగా.

నరేందర్ కదల్లేదు. అతని కళ్లు బాలమణి మీదికి వచ్చాయి. ఒళ్లో ఉన్న చెయ్యి కొంచెంగా తిప్పాడు, ఏంది అన్నట్టు. అన్నం గిన్నె పట్టుకుని షెడ్డుకు వెళ్లినప్పుడు ఆమె ఎన్నోసార్లు చూసిన సైగ. ఆమెకు తెలియకుండానే పెదవులు ఆ మాటను పలికాయి.

"వాన!" అన్నాడు నరేందర్.

"శభాష్ అన్నా."

బాలమణికి తెలిసిపోయింది. అతనికి అందింది సుస్మిత మాట కాదు, తన మాట. మళ్లీ చేసి చూడాలనిపించింది. సుస్మిత "గోడ" అంటుండగా, బాలమణి చప్పుడు లేకుండా పెదవులతో "మామిడి" అంది.

"మామిడి" అన్నాడు నరేందర్ ధీమాగా.

భూమవ్వ పకపకా నవ్వింది. "ఓ నరేందరూ, గోడకు మామిడికాయలు కాసినయా రా!"

సుస్మితకు ఏమీ అర్థం కాలేదు. బాలమణి మాత్రం గెలిచాననుకుంది. ఆ సంతోషం గుటక వేసేంతసేపు కూడా నిలవలేదు. గోడ అన్న మాట ఇంత దూరంలో ముసలి భూమవ్వకు వినబడింది. చెవి పక్కనే అంటే అతనికి వినబడలేదు. నిరుడు జ్వరంలో తను గోడ వైపు తిరిగి పడుకుని మంచినీళ్లు అడిగితే ఇతను లేవలేదు. ఆ కోపాన్ని ఆమె ఏడాదంతా దాచుకుంది.

నరేందర్ మళ్లీ ఆమె నోటి వైపే చూస్తున్నాడు. అందిస్తే చాలు, ఇస్త్రీ చొక్కా నలగకుండా గెలిచి లేస్తాడు.

ఆమె కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

సుస్మిత ఒక మాట అంది. ఇంకొకటి అంది. రెండో చెవి వైపు నుంచీ అంది. నరేందర్ ఆ కొంగునే చూస్తూ ఉండిపోయాడు. ముఖంలోని నవ్వు మెల్లగా పోయింది.

సుస్మిత బాలమణి దగ్గరికి వచ్చింది. "వదినా, అన్న మూతి సూసి మాట్లాడుతుండు. ఎనుకకెల్లి అంటే ఏం ఇనవడుతలేదు. పెద్ద దవాఖానల మిషిని పరీక్ష చేపియ్యాలె. ఉండు, అన్నకు నేను నిమ్మలంగ చెప్త."

"నువ్వొద్దు పిల్లా. నేను చెప్త."

బాలమణి కుర్చీ లాక్కుని అతని ముందు కూర్చుంది. నరేందర్ బెదిరిన చూపుతో సుస్మిత వైపు చూస్తున్నాడు. బాలమణి అతని గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది.

"అటు గాదు. ఇటు. నీకు ఇనవడుతలేదు. నేను వారం సంది చెప్పిన. అంతకుముందు గూడ మస్తు చెప్పిన."

అతను ఆమె నోరు చూశాడు, కళ్లు చూశాడు, మళ్లీ నోరు చూశాడు.

"నువ్వు చెప్పినవా?"

"చెప్పిన."

"తల వంచుకొని పని చేసుకుంటుంటివి గదనే" అన్నాడు నరేందర్. "నాతోని మాట్లాడుడు బందువెట్టినవనుకున్న. ఏం తప్పు చేసిన్నో ఎరుక లేక, అడుగుడే మానేసిన."

వరుసలోంచి భూమవ్వ, "మా వంతు ఎప్పుడొస్తదే?" అంది.

"ఆగు భూమవ్వా" అంది బాలమణి, అతని గడ్డం వదలకుండా. "ఇంక చెప్పేటియి ఉన్నయి."